బ్యాటరీ సీసానికి గిరాకీ. మానిటరు గాజుకు ఆసామి కరవు

హైదరాబాదు: లాలాపేట, నాచారం, మల్లాపూర్, ఉప్పల్ ప్రాంతాల నుంచి వచ్చే పాత సామానులో రెండు సరుకులు తరచు ఒకే బండిలో గోదాముకు చేరుతుంటాయి. ఒకటి కార్లు, ఆటోలు, ఇన్వర్టర్లు, యూపీఎస్‌ల నుంచి దిగిన పాత బ్యాటరీ. రెండవది ఆఫీసులు, పాఠశాలలు, ఇళ్లు ఖాళీ చేసిన పాత గాజు ట్యూబు మానిటరు, టీవీ. కాటా మీద రెండూ తూగుతాయి గాని బజారులో వాటి పరిస్థితి వేరు. బ్యాటరీకి ఏడాది పొడుగునా గిరాకీ ఉన్నది. మానిటరులోని రాగి తీసుకొన్న తరువాత మిగిలిన గాజును కొనే ఆసామి లేడు. రెండింటిలోనూ ఉన్న విషం మాత్రం ఒక్కటే. అది సీసం.

ఈ రెండు సరుకుల విషయంలో కాటా దగ్గర చెప్పే ధర పూర్తి ధర కాదు. ఆసిడ్‌ను శుద్ధి చేయడానికి, పొగను పట్టడానికి, గాజును భద్రంగా పూడ్చడానికి అయ్యే ఖర్చు కూడా అందులో భాగమే. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించవలసిందే. కొనేవాడు భరించకపోతే అది గోదాము కూలీ మీద, అతని పిల్లల మీద, పక్క వీధి బోరుబావి మీద పడుతుంది. ఎక్కువ ధర ఇస్తున్నాడని ముక్కూముఖం తెలియని భట్టీకి సరుకు తోలే ముందు ఈ లెక్క చూసుకోవడం అవసరం.

సీసం లెక్క

సాధారణ మోటారు బ్యాటరీ బరువులో సుమారు 60 శాతం సీసమే. పలక ఆకారపు జాలీ ఒక భాగం, దానిపై మెత్తిన సీసపు ముద్ద మరొక భాగం. మిగిలినది పలుచని గంధకామ్లం, పాలీప్రొపిలీన్ డబ్బా, మధ్య అట్టలు. పొడుగు ట్యూబులు గల ఇన్వర్టరు బ్యాటరీలో ఆసిడ్ పాలు ఎక్కువ గనుక తడి బరువులో సీసం శాతం కొంత తగ్గుతుంది. లండన్ లోహపు మార్కెట్‌లో 2023, 2024 సంవత్సరాలలో సీసం ఎక్కువ కాలం టన్ను 2000 నుంచి 2200 డాలర్ల మధ్య నడిచింది. తుక్కు బ్యాటరీ ధర ఈ రేటును, రూపాయి మారకాన్ని అనుసరించి హెచ్చుతగ్గులవుతుంది.

అంతర్జాతీయ తుక్కు వర్తకంలో ఈ సరుకుకు విడివిడి పేర్లున్నవి. ఆసిడ్‌తో ఉన్న మొత్తం బ్యాటరీని ‘రింక్స్’ అని, ఆసిడ్ తీసిన దానిని ‘రెయిన్స్’ అని, విడదీసిన పలకలను ‘రెయిల్స్’ అని వ్యవహరిస్తారు. హైదరాబాదు బజారులో ‘తడి సరుకు’, ‘పొడి సరుకు’ అనే మాటలు చాలు. అయితే ఈ రెండింటి మధ్య ధర తేడాలోనే చాలా బేరాలు పొరబాటుగా కుదురుతున్నవి.

తడి సరుకు, పొడి సరుకు

ఒక ఉదాహరణ చూడవచ్చును. ఇందులోని రేట్లు లెక్క కోసం తీసుకొన్నవే గాని బజారు ధరలు కావు. 1000 కిలోల తడి బ్యాటరీలలో సీసం 580 కిలోలు, ఆసిడ్ 250 కిలోలు, మిగతావి 170 కిలోలు అనుకొంటే, తడి సరుకు కిలో 80 రూపాయల వంతున మొత్తం 80,000 రూపాయలు వస్తుంది. అదే సరుకు ఆసిడ్ పారబోసి అమ్మితే తూకం 750 కిలోలకు పడిపోతుంది. అప్పుడు అదే 80,000 రావాలంటే కిలోకు 106 రూపాయల 67 పైసలు పలకాలి. పొడి సరుకుకు కిలో 100 ఇస్తానన్న ఆసామి పైకి 20 రూపాయలు ఎక్కువ ఇస్తున్నట్లు కనిపించినా, చేతికి వచ్చేది 75,000 మాత్రమే. అమ్మినవాడికి 5,000 నష్టం. పైగా 250 కిలోల ఆసిడ్ గోదాము వెనుక మోరీలో కలిసింది.

ఆ ఆసిడ్‌లో సీసపు నలుసులు తేలుతుంటాయి. మోరీ నుంచి నాలాకు, నాలా నుంచి చెరువుకు, చివరకు మూసీకి అది చేరుతుంది. ఆసిడ్ నేలలోకి ఇంకితే మట్టిలోని సున్నాన్ని తింటుంది. సీసం మాత్రం కరిగి పోయేది కాదు, ఆవిరయ్యేది కాదు. పై రెండంగుళాల మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. గోదాము ఖాళీ చేసి స్థలం అమ్ముకొన్నా, అక్కడ ఇల్లు కట్టుకొన్న వారికి అది మిగిలే ఉంటుంది. అందుచేత బ్యాటరీని పగలగొట్టకుండా, మూతలు బిగించి, నిలువుగా పేర్చి తడి సరుకుగానే అమ్మడం వర్తకుడికి లాభం, వీధికి క్షేమం. పొడి సరుకే కావాలని పట్టుబట్టే కొనుగోలుదారుకు ఆసిడ్ శుద్ధి చేసే ఏర్పాటు లేదని అనుకోవచ్చును.

భట్టీ ధర వెనుక

సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగుతుంది. బొగ్గు పొయ్యి, ఇనప పెనం ఉంటే ఎవరైనా కరిగించవచ్చును. ఊరి చివర షెడ్లలో భట్టీలు వెలవడానికి ఇదే కారణం. కాని పెనంలో సులభంగా కరిగేది జాలీ లోహం మాత్రమే. పలకపై ఉన్న ముద్ద సీసపు సల్ఫేటు, ఆక్సైడుల మిశ్రమం. దానిని లోహంగా మార్చాలంటే బొగ్గు, సోడా, ఇనుప రజను కలిపి సుమారు 1000 డిగ్రీల వేడి ఇవ్వాలి. చిన్న భట్టీలో ఆ వేడి నిలకడగా ఉండదు. కనుక ముద్దలోని సీసం చాలా భాగం చిట్టెంలో, పొగలో పోతుంది. వచ్చిన దిమ్మలో కూడా అంటిమొని, తగరం కలిసి ఉంటాయి. బ్యాటరీ కంపెనీలు, వాయిదా మార్కెట్ అడిగే 99.97 శాతం స్వచ్ఛతకు దానిని మళ్లీ శుద్ధి చేయక తప్పదు.

ఇంత సీసం పోగొట్టుకొనే భట్టీవాడు రిజిస్టరయిన కర్మాగారం కంటే ఎక్కువ ధర ఎలా ఇవ్వగలడనేది సహజంగా కలిగే ప్రశ్న. అతనికి సంచుల ఫిల్టరు ఖర్చు లేదు. ఆసిడ్ శుద్ధి లేదు. చిట్టెం పారబోసేందుకు రుసుము లేదు. కూలీలకు రక్తపరీక్ష లేదు. పన్ను తరచు లేదు. కిలోకు అతను కలిపే నాలుగు రూపాయలు ఈ ఎగవేతలలోంచి వచ్చినవే. సీసం రాబడిలో నష్టపోయినా ఇతరుల నెత్తిన వేసిన ఖర్చుతో అతని లెక్క సరిపోతుంది.

రక్తంలో చేరే సరుకు

సీసపు పొగ, ధూళి ఊపిరితో, చేతి మురికితో ఒంటిలోకి పోతుంది. పెద్దలకు కడుపునొప్పి, రక్తహీనత, కీళ్ల నొప్పులు, మూత్రపిండాల జబ్బు వస్తాయి. పిల్లల శరీరం పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకొంటుందని, ఇంత వరకు ఫరవాలేదు అనదగిన పరిమాణమంటూ తెలియలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పిల్లలలో అది మెదడును దెబ్బతీస్తుంది. చదువులో వెనుకబడడం, ఏకాగ్రత లేకపోవడం వంటివి కనిపిస్తాయి గాని కారణం సీసమని ఇంట్లో ఎవరికీ తట్టదు. కూలీ తొడుక్కొన్న చొక్కాతోనే ధూళి ఇంటికి పోతుంది.

1990 దశాబ్దం చివర జార్జి ఫౌండేషన్ హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో జరిపిన పరీక్షలలో సగానికి పైగా పిల్లల రక్తంలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి సీసం కనిపించింది. అప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. 2000లో దేశమంతటా అది ఆగిపోయినది. అయినా ముప్పు తీరలేదు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో 5 మైక్రోగ్రాములు లేక అంతకు మించి సీసం ఉన్నది. భారతదేశం వాటా 27 కోట్లకు పైగా పిల్లలు. పాత బ్యాటరీలను ఇష్టానుసారం కరిగించడం ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటిగా ఆ నివేదిక పేర్కొన్నది.

ధర పెరిగినప్పుడు ఈ ముప్పు ఎలా పెరుగుతుందో చెప్పడానికి సెనెగల్ దేశంలో జరిగినది చాలు. 2007లో సీసం ధర లండన్‌లో మునుపెన్నడూ లేని ఎత్తుకు పోయింది. డాకర్ నగరపు శివారు థియారోయ్‌లో పాత బ్యాటరీల మట్టిని కూడా జల్లెడ పట్టి సీసం ఏరుకొని అమ్మసాగారు. కొందరు ఆ మట్టిని ఇళ్లకు మోసుకుపోయారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి వరకు అక్కడ 18 మంది పసిపిల్లలు మరణించారు. కారణం సీసమని తరువాత తేలింది. బజారు చురుకుగా ఉన్న రోజులలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి.

మానిటరు గాజు కథ

గాజు ట్యూబు మానిటరు బరువులో సగానికి పైగా గాజే. ముందు అద్దంలో బేరియం, స్ట్రాన్షియం ఉంటాయి. వెనుక గరాటు ఆకారపు గాజులో సీసపు ఆక్సైడు పాలు సుమారు 22 నుంచి 25 శాతం. రెండింటినీ అతికించిన అతుకులో అది 70 శాతం దాటుతుంది. ఎక్స్‌రే కిరణాలు బయటకు రాకుండా ఈ సీసం కలిపేవారు. లోపలి పూతలో జింకు సల్ఫైడుతో పాటు ఇట్రియం, యూరోపియం వంటివి ఉంటాయి. ట్యూబు లోపల గాలి ఉండదు గనుక సుత్తితో కొడితే గాజు లోపలికి కూలి పెంకులు ఎగిరిపడతాయి.

ఈ చుట్టుపక్కల ట్యూబు టీవీలు కొత్త సరుకు కాదు. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ ఒకప్పుడు ఇక్కడే ఈసీ టీవీలు తయారు చేసి దేశమంతా అమ్మింది. ఆనాడు పగిలిన గాజు కూడా వృథా కాలేదు. పాత గరాటు గాజును కరిగించి కొత్త ట్యూబులకు వాడేవారు. 2007, 2008 నాటికి పలక టీవీలు ట్యూబును వెనక్కు నెట్టినవి. కొత్త ట్యూబులు లేకపోవడంతో పాత గాజుకు గిరాకీ ఎండిపోయింది. గుజరాత్‌లోని భరూచ్‌లో వీడియోకాన్ గాజు కర్మాగారం ప్రపంచంలోనే చివరిదాకా ఈ గాజు కొన్న కొద్ది చోట్లలో ఒకటి. ఆ దారి మూసుకున్నాక అమెరికా వంటి దేశాలలో కూడా గోదాముల నిండా గాజు వదిలేసి కంపెనీలు మాయమైన సంఘటనలు జరిగినవి.

సీసపు కొలిమిలో ఇసుకకు బదులుగా ఈ గాజు కొంత మేరకు పనికి వస్తుంది గాని ఆ వాడకం స్వల్పం. మిగిలినది ప్రమాదకర వ్యర్థాలకు కట్టిన భద్రమైన పూడిక స్థలానికే పోవాలి. హైదరాబాదుకు అటువంటిది దుండిగల్‌లో 2001 నుంచి ఉన్నది. అక్కడికి పంపడానికి రవాణా, రుసుము అవుతాయి. కనుక మానిటరు కొనేటప్పుడు యోకులోని రాగి, బోర్డు, ప్లాస్టిక్ విలువ కట్టి ఊరుకోకుండా గాజు ఖర్చు తీసివేయాలి. రాగి తీసుకొని గాజును ఖాళీ స్థలంలో పడవేసే వారికి ఆ ఖర్చు కనిపించదు. అందుకే వారు ఎక్కువ ధర పెట్టగలుగుతున్నారు. భట్టీ లెక్క, గాజు లెక్క ఒక్కటే.

పలక మానిటర్లలో పాత రకం వాటికి వెనుక సన్నని ట్యూబు దీపాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. ఎల్ఈడీ దీపాల రకంలో అది లేదు. రెండింటినీ వేరుచేసి పెట్టడం మంచిది.

లిథియం కలిస్తే ప్రమాదం

ఇన్వర్టర్లు, ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటర్లలో లిథియం బ్యాటరీలు పెరుగుతున్నవి. వాటిలో కొన్ని సీసపు బ్యాటరీ ఆకారంలోనే, అదే సైజు డబ్బాలో వస్తున్నవి. ఇది సీసపు లాట్‌లో కలిసి పగలగొట్టే యంత్రంలోకి పోతే మంట, పేలుడు తప్పవు. ఒక్క డబ్బా వల్ల మొత్తం లారీ సరుకును కొనుగోలుదారు తిరగగొట్టవచ్చును. బరువు తేలికగా ఉంటే అనుమానించి పేరు చీటీ చదవాలి. నికెల్ కాడ్మియం బ్యాటరీలను కూడా విడిగా ఉంచాలి. వాటిలో ఆసిడ్ కాదు, క్షారం ఉంటుంది. కాడ్మియం సీసం కంటే తక్కువ విషం కాదు.

లిథియం సరుకు విలువ అందులోని కోబాల్టు, నికెలుపై ఆధారపడుతుంది. లాప్‌టాప్, ఫోను బ్యాటరీలలో కోబాల్టు ఎక్కువ. ఐరన్ ఫాస్ఫేటు రకంలో రెండూ లేవు గనుక ధర తక్కువ. ప్రపంచానికి ఎక్కువ కోబాల్టు ఇచ్చే కాంగో దేశం 2025 ఫిబ్రవరిలో ఎగుమతులు నిలిపివేసి, అక్టోబరు నుంచి కోటాలు పెట్టడంతో కోబాల్టు ధర బాగా పుంజుకొన్నది. కేంద్ర ప్రభుత్వం 2025 బడ్జెటులో లిథియం బ్యాటరీ తుక్కు, సీసం, జింకు తుక్కుపై మూల దిగుమతి సుంకం ఎత్తివేసింది. అదే ఏడాది సెప్టెంబరులో కీలక ఖనిజాల పునరుద్ధరణకు 1500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ఆమోదించింది. పరాయి సరుకు రాక పెరిగితే స్థానిక తుక్కు ధరపై ఒత్తిడి ఉండవచ్చును. కొలిములు పెరిగితే గిరాకీ కూడా పెరుగుతుంది.

చట్టం, కాగితం

సీసపు బ్యాటరీలకు 2001 నుంచే నిబంధనలున్నవి. వాటి స్థానంలో అన్ని రకాల బ్యాటరీలకు 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చినవి. మానిటర్లు, టీవీలు, కంప్యూటర్లతో సహా 106 రకాల వస్తువులకు 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినవి. ఒకే యూపీఎస్‌లో పెట్టె ఒక చట్టం కిందకు, లోపలి బ్యాటరీ మరొక చట్టం కిందకు వస్తుంది. రెండింటినీ విడదీసి రెండు బిల్లులు రాయవలసి ఉన్నది.

తయారీ కంపెనీలు తాము అమ్మిన సరుకులో నిర్ణీత శాతం తిరిగి శుద్ధికి పోయినట్లు ధ్రువపత్రాలు చూపాలి. ఈ-వ్యర్థాలకు ఆ శాతం 2025-26లో 70, 2027-28 నాటికి 80. రిజిస్టరయిన శుద్ధి కర్మాగారం ఈ పత్రాలను కంపెనీలకు అమ్ముకొంటుంది. ఎలక్ట్రానిక్ గృహోపకరణాలకు కిలోకు కనీసం 22 రూపాయలు అని 2024లో నిర్ణయించగా కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసినవి. అంటే శుద్ధిదారుకు లోహం మీదనే కాక పత్రం మీద కూడా రాబడి ఉన్నది. బేరం ఆడేటప్పుడు వర్తకులు, దళారులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే ఈ-వ్యర్థాల పత్రాలు బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియంపైనే పుడుతున్నవి. సీసపు గాజుకు పత్రం లేదు. దానికి ఆసామి లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

మరొక లోటు కూడా ఉన్నది. ఈ-వ్యర్థాల నిబంధనలలో తయారీదారు, ఉత్పత్తిదారు, మరమ్మతుదారు, శుద్ధిదారు అనే నాలుగు వర్గాలకే రిజిస్ట్రేషను. ఇంటింటా తిరిగి సరుకు కూడబెట్టే కబాడీ వర్తకుడికి అందులో పేరు లేదు. సరుకు మాత్రం ముందుగా అతని చేతికే వస్తున్నది. రిజిస్టరయిన శుద్ధిదారుతో రాతపూర్వక ఒప్పందం చేసుకొని, తూకం చీటీ, బిల్లు భద్రపరచుకోవడమే అతనికి రక్ష. నిబంధనలు ఉల్లంఘిస్తే పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2024 ఏప్రిల్ నుంచి పది వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. రిజిస్టరు కాని వారి నుంచి రిజిస్టరయిన వర్తకుడు లోహపు తుక్కు కొంటే జీఎస్టీ కొనేవాడే కట్టాలనే నియమం 2024 అక్టోబరు 10 నుంచి అమలులో ఉన్నది. దీనితో బిల్లు లేని సరుకుకు లాభం కొంత తగ్గినది.

దగ్గరలోని దారులు

లాలాపేట వర్తకులకు సక్రమమైన దారులు దూరంలో లేవు. సీసం శుద్ధి చేసే నైల్ లిమిటెడ్ కర్మాగారం విజయవాడ రోడ్డుపై చౌటుప్పల్ వద్ద ఉన్నది. నాచారానికి తూర్పున చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ పాత సర్క్యూట్ బోర్డులు, లిథియం బ్యాటరీల నుంచి లోహాలు రాబట్టే పద్ధతులు రూపొందించి పరిశ్రమలకు అందిస్తున్నది. ఈ-వ్యర్థాలపై ప్రత్యేక కేంద్రం కూడా తెలంగాణ ప్రభుత్వం, గ్రీన్‌కో సంస్థల భాగస్వామ్యంతో అక్కడే ఏర్పడింది. రైల్వేలు తమ పాత బ్యాటరీలను వేలంలో అనుమతి గల శుద్ధిదారులకే అమ్ముతాయి. ప్రభుత్వ సంస్థలు పాటిస్తున్న ఈ పద్ధతినే పెద్ద ఆఫీసులు, ఆసుపత్రులు కూడా అడగడం మొదలైంది. కాగితం లేని వర్తకుడు ఈ పెద్ద లాట్లకు దూరమవుతాడు.

వర్తకులు గమనించవలసినవి

బ్యాటరీ తడి సరుకుగానే కొని తడి సరుకుగానే అమ్మాలి. ధర పోల్చేటప్పుడు కిలో రేటు కాక, ఆసిడ్ తూకం తీసి చేతికి వచ్చే మొత్తం చూడాలి. కారే బ్యాటరీని ప్లాస్టిక్ తొట్టెలో ఉంచాలి. ఒలికితే సున్నం లేక సోడా చల్లాలి. లిథియం బ్యాటరీల కొసలకు టేపు వేసి, ఎండ తగలకుండా, ఇసుక అందుబాటులో ఉన్నచోట పెట్టాలి. ట్యూబు మానిటరును పగలగొట్టకుండా మొత్తంగానే శుద్ధిదారుకు చేర్చాలి. శుద్ధిదారు ఈ-సరుకును 180 రోజులకు మించి నిలవ ఉంచరాదు గనుక వర్తకుడు కూడా పేరబెట్టి లాభం లేదు. కూలీలు పని బట్టలు గోదాములోనే మార్చుకొని, చేతులు, ముఖం కడుక్కొని ఇంటికి పోవాలి. గోదాములోనే కాపురం ఉంటే పిల్లలను బ్యాటరీలున్న చోటికి రానీయరాదు.

సీసానికి గిరాకీ ఇప్పట్లో తగ్గే సూచనలు లేవు. వాహనాలు, ఇన్వర్టర్లు ఉన్నంతకాలం పాత బ్యాటరీ రాక సాగుతుంది. గాజు మానిటర్ల రాక మాత్రం ఏడాదికేడాది పలచబడుతున్నది. ఉన్న నిలవలు సక్రమంగా వదిలించుకొంటే ఆ బెడద మళ్లీ రాదు. కొనుగోలుదారు చెప్పిన ధర మామూలు కంటే ఎక్కువగా ఉంటే, ఆసిడ్ ఎక్కడికి పోతుందని ఒక్క మాట అడగడం మేలు. దానికి సరైన జవాబు రాకపోతే, ఆ ఎక్కువ ధరలో ఎవరి వాటా ఉన్నదో తెలిసిపోతుంది.